ఎనభై రెండు కిలోల ఎలుక

సోమవారం ఉదయం ఎనిమిదింటికి తూకం మీద పెట్టిన పదకొండో నంబరు ఎలుక, ఈపాటికి నాజూగ్గా ఉండాల్సిన ఎలుక, నాలుగు వందల అరవై గ్రాములు తూగింది.

డాక్టరమ్మ దాన్ని కిందికి దించి, యంత్రాన్ని సున్నాకి తెచ్చి, మళ్ళీ ఎక్కించింది. నాలుగు వందల అరవై. ఎలుక తాపీగా ఆమెకేసి చూసింది. దాని బుగ్గలు కూడా బలిశాయి.

"బాబాయ్, ఇది పదకొండేనా?"

"చెవి బిళ్ళ చూడమ్మా. పదకొండే."

తొమ్మిదో నంబరు నాలుగు వందల అరవై రెండు. పన్నెండు, నాలుగు వందల యాభై ఎనిమిది. పుస్తకంలో రాస్తున్న కొద్దీ డాక్టరమ్మ అక్షరాలు చిన్నవైపోతూ వచ్చాయి. చివరి అంకె రాశాక పెన్ను మూత పెట్టడం మర్చిపోయి అలాగే జేబులో పెట్టుకుంది. తెల్లకోటు మీద నీలం మచ్చ మెల్లగా పెరిగింది.

నిజానికి ఆమె ఇంకా డాక్టరు కాలేదు. ఆరేళ్ళ క్రితం ఈ ల్యాబులో చేరిన రోజే ఎలుకల గది చూసుకునే బాబాయ్ సరదాకి ఆ పేరు పెట్టాడు. రెండేళ్ళకి అది అలవాటైంది. ఈ మధ్య దాన్ని జాలిగా పలుకుతున్నారు. గురువారం సమీక్ష సంఘం వస్తోంది. ముగ్గురు పెద్దలు, ముగ్గురి చేతిలోనూ ఎర్ర పెన్నులు. వాళ్ళు సరేనంటే, ప్రయోగంలో మిగిలిన మూడు వారాలూ పూర్తిచేసి ఆమె నిజంగా డాక్టరవుతుంది. కాదంటే ఆరేళ్ళూ నీళ్ళపాలు.

ఆమె వేసిన ప్రశ్న చిన్నదే. ఎప్పుడేం ముంచుకొస్తుందో తెలియని బతుకు బతికే శరీరం కొవ్వుని పొట్ట చుట్టూ, కాలేయంలో దాచుకుంటుంది. రోజూ బయటికి దూకే ఒత్తిడి హార్మోను ఆ పని చేయిస్తుంది. ఒక తీగ ఆకులో ఉన్న చేదు పదార్థం ఆ దాచుకోవడాన్ని ఆపగలదా?

అందుకోసం ఇరవై నాలుగు ఎలుకలు. అన్నిటికీ కొవ్వు దట్టించిన మేతే. అన్నిటికీ కష్టాలే. ఒక రోజు ఇరుకు గొట్టంలో మూడు గంటలు, ఇంకో రోజు తడిసిన పరుపు, మరో రోజు ఒక పక్కకి ఒరిగిన పంజరం, మధ్యలో ఎప్పుడు మోగుతుందో తెలియని గంట. సగం ఎలుకలకి ఎర్రమూత సీసాలోంచి రోజుకో మిల్లీలీటరు ఆకు సారం. మిగతా సగానికి నీలంమూత సీసాలోంచి ఉత్త రంగునీళ్ళు.

మొదటి ఐదు వారాలూ ఆకు గెలిచింది. గ్రాఫులో రెండు గీతలూ కత్తెర నోరు తెరిచినట్టు విడిపోయాయి. ఆరో వారం కింది గీత కాస్త తలెత్తింది. ఏడో వారం ఇంకాస్త. ఎండాకాలం కదా, మేత మారింది కదా అని డాక్టరమ్మ తన మనసుకి తనే సర్దిచెప్పుకుంది. ఈ రోజుతో తొమ్మిది వారాలు నిండాయి. ఆకు తాగే ఎలుకలు రంగునీళ్ళ ఎలుకల్ని దాటేసి ముందుకెళ్ళిపోయాయి.

"మందు పోసేయనా అమ్మా?" అన్నాడు బాబాయ్, ఎర్రమూత తిప్పుతూ.

ఆ మూత చప్పుడుకే పన్నెండు పంజరాల్లో పన్నెండు ఎలుకలూ నిద్ర లేచాయి. ఊచల దగ్గరికి తోసుకుంటూ వచ్చి నిలబడ్డాయి. బాబాయ్ డ్రాపరు అందించగానే మొదటి ఎలుక దాన్ని రెండు చేతులా పట్టుకుని చివరి చుక్క దాకా జుర్రింది.

"చూశావా?" అన్నాడు బాబాయ్ మురిసిపోతూ. "మొదట్లో గుర్తుందా? తువ్వాలులో చుట్టి, పళ్ళు విడదీసి పోసేవాణ్ణి. ఈ వేలు చూడు, ఇది ఏడో నంబరు కొరికిన గుర్తు. ఇప్పుడో? నేనంటే ప్రాణం పెడుతున్నాయి."

"ఎప్పట్నుంచి?"

"ఓ మూడు నాలుగు వారాలైందేమో. ప్రేమగా చూసుకుంటే ఎలుకైనా..."

"నీలంమూత వాటికి కూడా పోసేది నువ్వే కదా బాబాయ్. అవి నీకోసం పరిగెత్తుకు రావేం?"

బాబాయ్ అటు తిరిగి చూశాడు. నీలం వైపు పంజరాల్లో పన్నెండు ఎలుకలు ఆయనకి వీపులు తిప్పి పడుకున్నాయి. ఆయన మొహంలో మురిపెం కాస్తా దిగిపోయింది.

"ఇక పోయకు," అంది డాక్టరమ్మ. "సీసా ఇలా ఇవ్వు. నువ్వు కాసేపు బయట కూర్చో."

తలుపు గడియ వేసింది. గోడ మీద అద్దం కట్టిన బోర్డు ఆమెకేసి ఉరిమి చూస్తోంది. 'రూల్ నంబర్ ఒకటి: ఈ గదిలో దేన్నీ నాలుక మీద పెట్టరాదు.' ఈ ల్యాబు నడిపే సార్, ఆమె గైడు, స్వయంగా రాసిన అక్షరాలు. లవంగం నమిలాడని ఒక కుర్రాణ్ణి ఆయన ఈ గదిలోంచి శాశ్వతంగా పంపించేశారు.

డాక్టరమ్మ బోర్డుకి వీపు తిప్పి, వేలి కొస మీద ఒక్క చుక్క వేసుకుని నాకింది.

ఆరేళ్ళుగా ఆ ఆకు ఉడికించి, వడకట్టి, ఇంకించినది ఆమే. దాని వాసన తగిలితేనే నోరు చేదయ్యేది. ఇప్పుడు నాలుక మీద తగిలింది మాత్రం శుభ్రమైన, కమ్మని, మాడిన చక్కెర.

ఆమె స్టూలు మీద కూలబడింది.

ఎవరో సీసా మార్చేశారు.

అంతకంటే భయంకరమైన ఆలోచన ఒక నిమిషం తర్వాత వచ్చింది. ఎప్పుడు మార్చారు? ఆరో వారంలో మారిస్తే మొదటి ఐదు వారాల లెక్కలూ నిలబడతాయి. మూడో వారంలో మార్చి ఉంటే? అసలు మొదటి రోజే మార్చి ఉంటే? పన్నెండు వారాలకి సరిపోయే సారం ఒకేసారి కాచి, ఒకే సీసాలో పోసి పెట్టడం ఆమె పద్ధతి. రోజుకో రకంగా కాస్తే తేడాలొస్తాయని. ఆ ఒక్క సీసా పోతే అన్నీ పోయినట్టే. గురువారం ఎర్ర పెన్నులు అడిగే మొదటి ప్రశ్న అదే: ఏ తేదీ నుంచి?

దొంగకి శిక్ష పడకపోయినా ఆమెకి ఫర్వాలేదు. తేదీ కావాలి. అది దొంగ నోట్లో ఉంది.

సీసాలుండే ఫ్రిజ్ తాళాలు ఆమె దగ్గర కాక ఇంకో ముగ్గురి దగ్గరున్నాయి.

మొదటి తాళం బాబాయ్‌ది. బయట బల్ల మీద టీ కలుపుకుంటున్నాడు. కప్పులో నాలుగు చెంచాల చక్కెర పడింది. డాక్టరమ్మ ఆ చెంచాలు లెక్కపెట్టింది. ఆమె లెక్కపెట్టడం బాబాయ్ చూశాడు.

"నన్నా అనుమానిస్తున్నావు?"

"అనుమానం కాదు బాబాయ్. ఎర్రమూత సీసాలో చక్కెర..."

"నా చక్కెర నాకే చాలదు! ఎలుకలకి పోస్తానా?" ఆయన కప్పుని గుండెలకి హత్తుకున్నాడు. తర్వాత గొంతు తగ్గింది. "అయినా నా కష్టం ఎవరితో చెప్పుకోను? నాలుగు వారాలు నన్ను చూసి పరిగెత్తుకొస్తున్నాయనుకున్నానమ్మా. మా ఇంట్లో ఎవరూ అలా రారు."

ఆ బాధ నటించేది కాదు. డాక్టరమ్మ మనసులో మొదటి తాళాన్ని కొట్టేసింది.

రెండో తాళం స్టోర్ అక్కది. సీసాలూ, గొట్టాలూ, చేతి తొడుగులూ ఆమె గదిలోంచే రావాలి. ఈ ప్రయోగం మొదలైన దగ్గర్నుంచీ రోజూ ఆమెది ఒకటే పాట.

"ఏమే డాక్టరమ్మా, సన్నబడే యోగం ఎలుకలకేనా? మనుషుల మొహం చూసేదెప్పుడు?" ఈ రోజూ అదే మొదలుపెట్టింది. "ఒక్క గుక్క పొయ్యవే. ఎవరికీ చెప్పను. ఇరవై ఐదో ఎలుకనని రాసుకో."

"నిజం చెప్పు అక్కా. ఇప్పటికే ఒక గుక్క తాగేశావా?"

అక్క వెనక్కి వాలింది. కుర్చీ కెవ్వుమంది.

"విన్నావా?" అంది అక్క. "నేను తాగి ఉంటే ఈ కుర్చీ ఇలా ఏడుస్తుందా?"

కుర్చీ సాక్ష్యం కాదనడానికి లేదు.

మూడో తాళం సార్‌ది. ఆయన వెనక ల్యాబంతా ఆయన్ని కుక్కర్ అంటారు. ఆయన మూడుసార్లు ముక్కుతో బుస్సుమంటారు, నాలుగోసారికి పేలతారు. పేలకముందు బయటపడ్డవాళ్ళే బాగుపడతారు. డాక్టరమ్మ మొదటి గ్రాఫు గీసి సంబరంగా చూపించినప్పుడు ఆయన దాని మీద అడ్డంగా రాసిన మాట ఆమెకి ఇంకా కంఠతా ఉంది. 'ఇది ఆశ. ఫలితం కాదు.' ఆరేళ్ళలో ఒక్కసారి బాగుందన్న పాపాన పోలేదు. ఇక ఆకుల పేరెత్తితే చాలు, "మొక్కలో ఉంటే మంచిదైపోతుందా? విషాలు కూడా మొక్కల్లోనే ఉంటాయి" అని గయ్యిమనేవారు.

ఆయన సీసా దొంగిలించడమా? ఆ ఊహకే ఆమెకి నవ్వొచ్చింది. అప్పుడే ఆయన వరండాలో చెవికి ఫోను అంటించుకుని, రెండో చేత్తో ప్యాంటు పైకి లాక్కుంటూ హడావిడిగా వెళ్ళారు. డాక్టరమ్మ నమస్కారం పెట్టింది. ఆయన చూడలేదు. నాలుగు అడుగులేశాక మళ్ళీ ప్యాంటు లాక్కున్నారు.

ఆమెకి నవ్వు ఆగిపోయింది.

మంగళవారం పదకొండింటికి వారపు సమావేశం. బల్లకి ఒక చివర సార్, రెండు పక్కలా బాబాయ్, స్టోర్ అక్క. సార్ నెత్తి మీద ఏసీ యంత్రం రెండేళ్ళుగా కారుతోంది. దాని కింద ప్లాస్టిక్ గిన్నె పెట్టుకుని, ఆయన మిగతా చుక్కల్ని భుజం మీద భరిస్తారు.

డాక్టరమ్మ రాత్రంతా ఒక అబద్ధాన్ని నూరుకుంది. దాన్ని జాగ్రత్తగా కట్టాలి. మన ఎలుకలకి ఏదో అయిందంటే దొంగ నవ్వుకుంటాడు. అవి ఆకు తాగట్లేదని మొదట్నుంచీ తెలిసిన మనిషి అతనొక్కడే. కాబట్టి కథ ఇంకోచోట జరగాలి. పుస్తకంలో ఎక్కడా రాయకూడదు. నోటి మాటగానే ఉండాలి.

"సార్, ఒక చెడ్డ వార్త," అంది. "ఇదే ఆకు మీద పనిచేస్తున్న ఇంకో ల్యాబు వాళ్ళు ఫోన్ చేశారు. నెల రోజులు తాగిన వాటికి ముందు చెవుల వెనక దురద మొదలవుతోందట."

ముగ్గురి మొహాలూ చూసింది. ఎవరి చెయ్యి చెవి వెనక్కి వెళ్తే వాడే దొంగ.

స్టోర్ అక్క చెయ్యి వెళ్ళింది. బాబాయ్ చెయ్యి వెళ్ళింది. సార్ చెయ్యి వెళ్ళింది. డాక్టరమ్మకే ఎడమ చెవి వెనక ఏదో పాకినట్టయి, తనూ గోక్కుంది. నలుగురూ కాసేపు శ్రద్ధగా గోక్కున్నారు.

వల వేస్తే ల్యాబంతా పడింది. ఆమె పళ్ళు బిగించి ఇంకో అడుగు ముందుకేసింది.

"ఆ తర్వాత కనుబొమ్మలు రాలిపోతున్నాయట."

"ఎలుకలకి కనుబొమ్మలుంటాయా?" అంది స్టోర్ అక్క.

"మొన్నటిదాకా ఉండేవట."

సార్ ముక్కులోంచి మొదటి బుస్సు వచ్చింది. "డోసెంత?"

"మనదే సార్. కిలో బరువుకి రెండున్నర మిల్లీలీటర్లు."

"రోజుకా?"

"రోజుకే."

రెండో బుస్సు. ఆయన కాగితం లాక్కుని, వంచిన తల ఎత్తకుండా గబగబా గీశారు. లెక్క దొరికితే ఆయనకి చుట్టూ ఉన్న ప్రపంచం కనిపించదు. పెదవులు తమంతట అవే కదిలాయి.

"ఎనభై రెండు రెళ్ళు నూట అరవై నాలుగు... ఇంకో నలభై ఒకటి... రెండు వందల ఐదు. ఎనభై రెండు కిలోలకి రెండు వందల ఐదు మిల్లీలీటర్లు పడాలి. రోజుకి పదే కదా. పదికి ఎట్లా రాలతాయి? రాలవు. ఏమీ కాదు." ఊపిరి వదిలి తేలిగ్గా వెనక్కి వాలారు. "ఏం భయం లేదు!"

గిన్నెలో ఒక చుక్క పడింది. ఇంకో చుక్క పడింది.

"సార్," అంది డాక్టరమ్మ మెల్లగా. "మన దగ్గర ఎనభై రెండు కిలోల ఎలుక ఏది?"

అందరూ ఆయన బెల్టుకేసి చూశారు. మేకుతో కొత్తగా పొడిచిన కన్నంలోకి దూరి, కొస జానెడు బయటికి వేలాడుతోంది. మూడో బుస్సు కోసం బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు. అది రాలేదు. సార్ చేతులు బల్ల మీద పెట్టి, వాటినే చూస్తూ కూర్చున్నారు.

"నాకు ఒక్కటే కావాలి సార్," అంది డాక్టరమ్మ. "తేదీ."

"ఆరో వారం మొదటి సోమవారం," అన్నారు సార్. "నువ్వు పక్క గదిలో తూకాలు రాసుకుంటున్నావు. బాబాయ్ ఇంకా మందు పోయలేదు. ముందు ఇది రాసుకో. నన్ను తిట్టుకోవడం తర్వాత. ముప్పై ఐదు రోజులు నీ ఎలుకలు తాగింది అసలు సారమే. ముప్పై ఆరో రోజు నుంచి తాగింది మా వంటింట్లో నేను మాడ్చిన చక్కెర. రాశావా? చదువు. ఆ, అంతే.

"అంతకు ముందు వారం డాక్టరు దగ్గరికెళ్ళాను. కాలేయంలో కొవ్వన్నాడు. నడుము నలభై రెండు అంగుళాలన్నాడు. ఒత్తిడి తగ్గించుకోండి అని అతను చెబుతున్నంతసేపట్లో నా ఫోను ఆరుసార్లు మోగింది. ఇంటికొచ్చి నీ ప్రయోగం కాగితాలు ముందేసుకున్నాను. ఇరుకు గొట్టం. నా గది చూశారుగా, కుర్చీ వెనక్కి జరిపితే బీరువా తగులుతుంది. తడి పరుపు. ఇదిగో నా భుజం. ఒరిగిన పంజరం. నా కుర్చీకి ఒక కాలు పొట్టి, మూడేళ్ళుగా స్టోర్‌కి రాస్తున్నాను. నువ్వలా చూడకు స్టోర్ అక్కా, నిన్నేమీ అనట్లేదు. ఎప్పుడు మోగుతుందో తెలియని గంట. అది నా జేబులోనే ఉంది. చదువుతుంటే నా డైరీ చదువుతున్నట్టనిపించింది. తేడా ఒక్కటే. ఎలుకలకి పన్నెండు వారాలు. నాకు ఇరవై రెండేళ్ళు.

"అడిగితే ఇచ్చేదాన్ని కదా అంటావు. ఏ మొహం పెట్టుకుని అడగను? 'ఇది ఆశ, ఫలితం కాదు' అని నీ కాగితం మీద రాసిన మొహమేగా ఇది. అయినా నీ ఐదు వారాల గ్రాఫు చూశాను. ఆరేళ్ళుగా అనని మాట ఇప్పుడు అంటున్నాను, దొంగనయ్యాక అంటున్నాను. అంత శుభ్రమైన గీత నా జీవితంలో నేను గీయలేదు. నమ్మేశాను. తేలిపోయింది, మిగతా ఏడు వారాలూ లాంఛనమే అనుకున్నాను. ఎవరైనా విద్యార్థి నా దగ్గర ఆ మాట అంటే కిటికీలోంచి విసిరేసేవాణ్ణి.

"రంగు సరిపోయేదాకా నాలుగుసార్లు మాడ్చాను. చిక్కదనం చూశాను. రుచి చూడలేదు. ఎందుకంటే రూల్ నంబర్ ఒకటి. నవ్వకు బాబాయ్. అసలుదాన్ని పొద్దున్నే రెండు చెంచాలు మింగుతూ, నకిలీది మాత్రం నాలుక మీద పెట్టకుండా నియమం పాటించాను. ఎలుకలకి తీపి తెలుస్తుందని నాకు తట్టనే లేదు. వాటి నాలుకల మీద ఏటా మూడు గంటలు పాఠం చెబుతాను.

"నడుము రెండు అంగుళాలు తగ్గింది. ఆగు, సంబరపడకు. ఆకు వల్ల తగ్గిందో, సోమవారం సోమవారం నీ మొహం వాడిపోవడం చూసి తిండి సహించక తగ్గిందో చెప్పలేను. పోల్చి చూడ్డానికి రంగునీళ్ళు తాగిన ఎనభై రెండు కిలోల ఎలుక ఇంకొకటి లేదు. కాబట్టి నా నడుముని నీ థీసిస్‌లో ఎక్కడా రాయొద్దు. స్టోర్ అక్కా, నువ్వు కూడా దాన్ని రుజువనుకోవద్దు.

"సీసా మా ఇంటి ఫ్రిజ్‌లో, కింది అరలో, కూరగాయల వెనక ఉంది. పొద్దున కొలిచాను, రెండు వందల ఎనభై మిల్లీలీటర్లు మిగిలింది. మిగిలిన మూడు వారాలకీ నీ పన్నెండు ఎలుకలకీ రెండు వందల యాభై రెండు చాలు. ఐదు వారాలు ఆకు, నాలుగు వారాలు చక్కెర, మళ్ళీ మూడు వారాలు ఆకు. గీత మళ్ళీ కిందికి దిగుతుందో లేదో చూడు. దిగితే నీ అదృష్టం, దిగకపోతే అదీ రాయి. వాడే ముందు సారం పాడైందేమో పరీక్ష చెయ్యి. నా మాట నమ్మకు, కొలువు.

"గురువారం సంఘం ముందు ముందుగా నేను లేచి మాట్లాడతాను. తేదీతో సహా రాసి సంతకం పెట్టి ఇస్తాను. నన్ను ఏం చేసుకుంటారో వాళ్ళిష్టం. తప్పు నీ లెక్కలది కాదని మాత్రం వాళ్ళు నా నోటితోనే వింటారు.

"ఇక ఒక్కటి అడుగుతాను, నువ్వు నిజం చెప్పాలి తల్లీ. ఆ కనుబొమ్మల సంగతి నువ్వు అల్లిందే కదా? ఇందాకటి నుంచీ ఎడమది కాస్త లాగుతోంది."